రాజమణి గళ్ల రొట్టె

మా ఆడబిడ్డ రాజమణి ఈ ఇంట్లో తిన్న ఒక్క ముద్ద కూడా ఊరికే తినలేదు. ఈ మాట ముందే రాస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు మా ఇంటికి వచ్చేవాళ్లందరూ ఆమెను అరుగు మీద చూసి, పెద్దామెను ఎంత బాగా కూర్చోబెట్టి చూసుకుంటున్నారో అని నా కోడలిని మెచ్చుకుని పోతున్నారు. మెచ్చుకోవడానికి వాళ్లకేం పోయింది?

ఆమెను చౌటుప్పల్‌కు ఇచ్చారు. మొగుడు భిక్షం ఇక్కడ మగ్గం నడవడం లేదని బొంబాయి పక్క భీవండి పోయి, అక్కడ మిల్లులో పనితోపాటు ఇంకో ఆడదాన్ని కూడా చూసుకున్నాడు. రాజమణి ఒక రేకు పెట్టె పట్టుకుని భువనగిరిలో ఉన్న అన్న ఇంటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. మొగుడు వదిలిన ఆడబిడ్డ ఇంటికొస్తే ఏ వదినె హారతి పడుతుంది? నేనూ పట్టలేదు. ఆమె కూడా నా మొహం చూడలేదు. మరునాడు పొద్దున నేను లేచేసరికి పొయ్యి మీద ఎసరు మరుగుతున్నది, ఆమె జొన్నపిండి ముందు వేసుకుని కూర్చున్నది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పొద్దున రొట్టె ఆమెది. నేను వద్దనలేదు. నా రొట్టె ఎప్పుడూ అంచు పగులుతుంది. ఆమెది పెనం మీద పూరీలా పొంగేది.

పొద్దున రొట్టెలు, పగలంతా రంగులు. మాది చేనేత ఇల్లు. నూలును కట్టలు కట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా దారం చుట్టి, వేడి రంగునీళ్లలో ముంచి తీయాలి. ఆ పని వెనుక రేకుల షెడ్డులో రాజమణి చేసేది. చేతికి తొడుగులు ఇస్తే, ముడి తెలియడం లేదని విసిరికొట్టేది. ఏళ్లకేళ్లు ముంచితే ఏమవుతుంది? ఎరుపు, నీలం, నలుపు అన్నీ కలిసి ఆమె చేతులు మణికట్టు దాకా ఒకరకం మట్టిరంగుకు తిరిగాయి. గోళ్ల మొదళ్లలో, వేళ్ల గీతల్లో అది నిలిచిపోయింది. మేమెవరమూ దాన్ని చూడలేదు. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

తెలంగాణ వచ్చింది. కొన్నాళ్లు మగ్గాలకు మళ్లీ పని వచ్చింది. కరోనా వచ్చింది. మగ్గం ఆగింది. మా ఆయన పరమేశ్వర్ మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. నా కొడుకు ప్రమోద్‌కు మగ్గం మొదటినుంచీ సిగ్గే, వాడు ఫైనాన్స్ ఆఫీసులో చేరి చాలా కాలమైంది. కోడలు సంధ్య హైదరాబాద్ కంపెనీ పని ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తుంది. రంగుల తొట్లు షెడ్డులో బోర్లా పడ్డాయి. రాజమణికి ఇక మిగిలింది పొద్దున రొట్టె ఒక్కటే. ఆ పని కోసం ఆమె ఎప్పటికంటే ముందుగా లేవడం మొదలుపెట్టింది. మనుమరాలికి మొదటి రొట్టె తుంచి, బెల్లం అద్ది, చేతితో పెట్టేది. ఆ పిల్ల కూడా రాజవ్వ పెడితేనే నోరు తెరిచేది.

నిరుడు పిల్లకు మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచాయి. హైదరాబాద్‌లో ఏదో పెద్ద డాక్టర్‌కు చూపించుకుని వచ్చారు. వచ్చేటప్పుడు ఒక అట్టపెట్టె కూడా తెచ్చారు. అందులో రెండు రెక్కల ఇనుప మిషన్. తెరిస్తే లోపలంతా గళ్లు. పిండి పోసి మూత వేస్తే గళ్లు పడిన మందపాటి అట్టు వస్తుంది. దాన్ని వాఫిల్ అంటారట. పిల్ల ఎక్కడో మాల్‌లో చాక్లెట్ వేసినది తిని, అదే కావాలని ఏడ్చిందట.

సంధ్య ఆ రోజు అందరి ముందు ఒక మాట చెప్పింది. ఇకనుంచి పొద్దున అందరం హెల్దీగా తిందామని, రొట్టె పని ఎవరూ పెట్టుకోవద్దని. తరువాత రాజమణి నన్ను పక్కకు పిలిచి, హెల్దీ అంటే ఏమిటని అడిగింది. నాకేం తెలుసు? ప్రమోద్‌ను అడిగితే ఆరోగ్యంగా తినడమని చెప్పాడు. రాజమణికి ఆ మాట చాలు.

కోడలు మొదటిసారి మైదా, చక్కెర, చాక్లెట్ సీసాలోది పోసి చేసింది. రాజమణి ఒక ముక్క నోట్లో వేసుకుని నా చెవిలో అన్నది: "గీ మైదా తింటే ఆరోగ్యమెక్కడిది వదినె? జొన్నపిండి పెడ్తె అయిపాయె."

మరునాడు తనే గిర్నీకి పోయి జొన్నలు మెత్తగా పట్టించుకుని వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది? రొట్టెకు పోసినట్టే పిండిలో మరిగే నీళ్లు పోసి, పిసికి, ఆ ముద్దను మిషన్‌లో పెట్టి, పైన అరచేయి వేసి అదిమింది. మూత దిగలేదు. ముద్ద పైన మాడింది, లోపల పచ్చిగా ఉన్నది, గళ్లలో అతుక్కుని ఊడిరాలేదు. చెంచా కొనతో గీకుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. "మగ్గం మీద గళ్లు ఒక్క పూటల నేర్సుకున్ననా వదినె? గిదీ గంతే," అన్నది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు గళ్ల రొట్టె అయింది.

సంధ్య ఫోన్‌లో చూసి చెప్పింది. మాగిన అరటిపండు మెత్తగా పిసకాలి, గుడ్డు కొట్టి వేయాలి, పాలు పోయాలి, చక్కెరకు బదులు బెల్లం కరిగించి పోయాలి, చాక్లెట్ సీసా పక్కన పెట్టి చేదు కోకో పొడి వేయాలి, పిండి జారుగా ఉండాలి. రాజమణి బెల్లం కొట్టి, కరిగించి, మట్టి లేకుండా గుడ్డలో వడగట్టి ఇచ్చింది. జొన్నపిండి జల్లించి ఇచ్చింది. ఆ పైన గరిటె పట్టుకోబోతే సంధ్య వచ్చి గిన్నె అందుకునేది. "మీరు కూసోండి అత్తమ్మా, నేను పోస్త," అనేది. రాజమణిని అత్తమ్మా అని, నన్ను అత్తయ్యా అని పిలుస్తుంది. రొట్టె తీయబోతే, "వేడి ఉంటది, మీరు కూసోండి" అనేది. పిల్లకు పెట్టబోతే దాని చేతికే ఫోర్క్ ఇచ్చి, అది ఇప్పుడు తనే తినడం నేర్చుకోవాలి అనేది.

రాజమణి దాన్ని ఎలా అర్థం చేసుకున్నదో రాస్తాను, చూడండి. వాడకట్టులో బిక్షమ్మ దగ్గర, సైదమ్మ దగ్గర నిలబడి చెప్పుకున్నది. మా కోడలు నన్ను ఒక్క పని ముట్టనియ్యదు, ఏది పట్టుకున్నా గుంజుకుంటది, గిన్నేండ్లకు నన్ను కూసోమన్న మనిషి దొరికింది అని. నేను పక్కనే ఉండి విన్నాను. నాకూ కొంచెం కడుపు మండింది. నన్ను ఎప్పుడూ కూర్చోమనలేదు ఆ కోడలు.

ఒక ఆదివారం అందరం కింద కూర్చుని తింటున్నాం. ఆ రోజు గళ్ల రొట్టె బాగా కుదిరింది. పైన కరకర, లోపల మెత్తన. మా ఆయన కూడా షుగర్ సంగతి మరిచి ఇంకోటి అడిగాడు. రాజమణి సంతోషం పట్టలేక తన పళ్లెంలోది తుంచి, పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల పెదాలు బిగించుకున్నది.

"రాజవ్వా, చెంచతోని పెట్టు," అన్నది.

"ఎందుకే, నా చెయ్యి చేదైందా?"

"మమ్మీ చెప్పింది. నీ చేతుల రంగుమందు ఉంటదంట. గందుకే మిషన్ కొన్నం. గిండ్ల చెయ్యి పెట్టే పనే ఉండదు. గిదే హెల్దీ."

పిల్ల తప్పేముంది? విన్నది చెప్పింది. రాజమణి చేయి అక్కడే ఆగింది. తరువాత ఆ ముక్కను తన పళ్లెం అంచున పెట్టి, చేతులు రెండూ చీర కొంగులో దాచుకున్నది. ఇన్నేళ్లలో ఆమె చేతులు దాచుకోవడం నేను చూడలేదు.

నేను ఊరుకునేదాన్ని కాదు. కోడలి వైపు తిరిగాను. "నువ్వు పెండ్లిల కట్టుకున్న చీరె గీ చేతులు ముంచినదే. అప్పుడు ఒంటికి అంటలేదా మందు?"

సంధ్య ఏడుపు ఆపుకుంటూ అన్నది: "డాక్టర్ అడిగిండు అత్తయ్యా, ఇంట్ల కెమికల్ పని ఎవరన్న చేస్తరా అని. అబద్ధం చెప్పాల్నా? నా బిడ్డ మూతి పుండైంది. ముఖం మీద చెప్తే అత్తమ్మ మనసు నొచ్చుకుంటదని చెప్పలె."

"చెప్తే కడుక్కొని వచ్చేది గదనే."

"అవి కడిగితే పోతయా?"

నేను ప్రమోద్ వైపు చూశాను. వాడు, ఇప్పుడెందుకమ్మా గివన్నీ, తినండి అన్నాడు. మా ఆయన, సొంత అన్న, నోట్లో ఉన్నది నములుతూ పళ్లెం చూస్తూ కూర్చున్నాడు. ఆమె ముంచిన నూలు నేసి బతికిన మనిషి. ఒక్క మాట, చెల్లె చేతులు మంచివే అని ఒక్క మాట రాలేదు. రంగు పని ఆగి ఎన్నాళ్లయిందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆ దద్దుర్లకు ఈ చేతులకు సంబంధం ఉన్నదో లేదో డాక్టర్‌కూ తెలియదు, ఊరికే అడిగాడు. కానీ తల్లి భయానికి అంత సందు చాలు.

రాజమణి పళ్లెం తీసుకుని పెరట్లోకి పోయింది. ఎదురు మాట అనడానికి ఆమెకు ఇంట్లో భాగమున్నదా, జాగా ఉన్నదా? అన్నదమ్ములకైతే కోపమొస్తే పొయ్యి వేరు పెట్టుకుంటారు. మొగుడు వదిలిన ఆడది ఎక్కడ పొయ్యి పెట్టుకుంటుంది?

మరునాడు మధ్యాహ్నం ఆమె కనబడలేదు. షెడ్డులోంచి ఘాటు వాసన వస్తుంటే పోయి చూశాను. నూలుకు తప్పు రంగు పడితే, సోడా కలిపిన వేడినీళ్లలో ఒక పొడి వేసి ఆ రంగు దించుతాం. పాత డబ్బాలో ఆ పొడి అడుగున మిగిలినట్టున్నది. రాజమణి బకెట్‌లో కలుపుకుని, రెండు చేతులూ మణికట్టు దాకా ముంచుకుని కూర్చున్నది. పళ్లు బిగబట్టి ఉన్నది. నేను కేక పెట్టి గుంజితే చేతులు బయటికి వచ్చాయి. తోలు తెల్లబడి, ఉడికిన ఆలుగడ్డ పొట్టులా లేస్తున్నది.

"నీకు పిచ్చి లేసిందానే," అన్నాను.

ఆమె నన్ను చూసి మెల్లగా అన్నది: "నూలుకు దిగుతది గద వదినె. తోలుకు దిగదా అనుకున్న."

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ నన్ను తిట్టింది, ఇంట్లో ఇంతమంది ఉండి ఏం చూస్తున్నారని. పట్టీలు కట్టించుకుని వచ్చాం. సంధ్య రాజమణి కాళ్ల మీద పడింది. అది నాటకం కాదు, నేను నాటకాలు గుర్తుపట్టగలను. పట్టీలు ఉన్నన్ని రోజులు పొద్దున గళ్ల రొట్టె తుంచి తన చేతితో రాజమణి నోట్లో పెట్టింది. రాజమణి నోరు తెరిచేది, నమిలేది, మింగేది. బాగుందా అత్తమ్మా అంటే తల ఊపేది. మనుమరాలి దద్దుర్లు ఆ మధ్యనే తగ్గాయి. కొత్తగా వాడుతున్న పళ్లపేస్టు మార్చాకనట. ఆ సంగతి ప్రమోద్ ఫోన్‌లో ఎవరికో చెబుతుంటే నేను విన్నాను. రాజమణికి ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను. విని, పిల్లకు తగ్గింది గద, గది చాలు అన్నది.

పట్టీలు విప్పేసరికి చేతులకు రంగు లేదు. పసిపిల్ల తోలులా ఎర్రగా, పల్చగా వచ్చింది. గోళ్ల దగ్గర కూడా మచ్చ పోయింది. సంధ్య ఆ చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుని, రేపటి నుంచి మీరే చేయండి అత్తమ్మా, పిల్ల మీ జొన్నరొట్టె అడుగుతున్నది అన్నది.

రాజమణి పొద్దున్నే లేచింది. ఎసరు పెట్టింది. పిండిలో మరిగే నీళ్లు పోసి చేయి పెట్టి, వెంటనే తీసుకున్నది. ఊదుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ తీసుకున్నది. ఆ కొత్త తోలు వేడికి ఆగడం లేదు. పిండి చల్లారేదాకా చూసింది. చల్లారిన పిండి కొడితే రొట్టె నడుమకు చీలింది. పీట మీద ముక్కలు దగ్గరికి చేర్చి మళ్లీ అతికింది. మళ్లీ చీలింది. పిల్ల పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడి చూస్తున్నది.

"నువ్వే చెయ్యి బిడ్డా," అన్నది రాజమణి సంధ్యతో. "మిషన్లనే చెయ్యి. పిల్లకు బడి టైమైతాంది."

సంధ్య మిషన్ తీగ గోడ ప్లగ్గులో పెట్టింది. రాజమణి పీట మీది పిండిని ఒక ముద్దగా చేసి, బయటికి పోయి బర్రెకు వేసి వచ్చి, అరుగు మీద కూర్చున్నది. అప్పటి నుంచి అక్కడే కూర్చుంటున్నది. పొయ్యి దగ్గరికి రావద్దని ఆమెను ఇప్పుడు ఎవరూ అనరు. అప్పుడు కూడా ఎవరూ అనలేదు.