జొన్న బీరుకు పెట్టిన చల్లటి పరీక్ష

కరోనా సడలిన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నేను ఆత్మకూరు శివార్లలోని ఒక చిన్న బ్రూవరీలో చీఫ్ బ్రూవర్‌గా పనిచేస్తున్నాను. అదే నా ఆఖరి పోస్టింగు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా, ఆ నెలలోనే మా బ్రూవరీని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే వాళ్లకు ఇంకో ప్రకటన ఉచితంగా వేసిపెట్టినట్టు అవుతుంది.

బ్రూవర్ అంటే ధాన్యాన్ని బీరుగా మార్చే బాధ్యత ఉన్నవాడు. ట్రైనీగా చేరి, షిఫ్ట్ బ్రూవర్, అసిస్టెంట్ బ్రూవర్ మెట్లు దాటి చీఫ్ అయ్యేసరికి జుట్టు నెరిసిపోతుంది. మాది ఉదయగిరి. మైక్రోబయాలజీ చదివిన మనవడు బీరు ఫ్యాక్టరీలో చేరాడని చెప్పుకోలేక, మా అవ్వ బతికున్నంత కాలం నాది బార్లీ నీళ్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమనే చెప్పింది. ఆలోచిస్తే ఆమె మాటలో పెద్ద అబద్ధమేమీ లేదు.

మా బ్రూవరీకి ఉన్న కాస్త పేరూ జొన్న బీరు వల్ల వచ్చింది. మామూలుగా బీరును మొలకెత్తించిన బార్లీతో చేస్తారు. ఆ మొలక ధాన్యాన్నే మాల్ట్ అంటారు. మేము బార్లీతో పాటు కొండాపురం రైతుల దగ్గర కొన్న జొన్నను కూడా మొలకెత్తించి కలిపేవాళ్లం. మొలకెత్తించే పని యంత్రాలతో కాదు, నేలమీద జరిగేది. జొన్నను తొట్టిలో నానబెట్టి, నీళ్లు వంచేసి, సిమెంటు నేలమీద పరిచి, తడి గోనెపట్టాలు కప్పాలి. లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి అడుగు ధాన్యం మగ్గిపోకుండా చెక్క పారతో తిరగేస్తూ ఉండాలి. మొలక సరిపడా వచ్చాక వేడిగాలికి ఎండబెట్టి, మొలకనూ వేరునూ నలిపి తీసేయాలి. లేత జొన్నపైరు మేసిన పశువులు చచ్చిపోవడం మా వైపు రైతులందరికీ తెలుసు. ఆ విషమే మొలకలోనూ ఉంటుంది కాబట్టి ఇందులో అశ్రద్ధకు చోటు లేదు.

ఆ నేలకు మేస్త్రీ పెంచలయ్య. గోనెపట్టా కింద చెయ్యి పెట్టి చూసి ఎప్పుడు తిరగేయాలో చెప్పేవాడు. నేను థర్మామీటరు పెట్టి చూసేవాణ్ణి. ఇద్దరి మాటా సాధారణంగా కలిసేది, కలవనప్పుడు పోట్లాడుకునేవాళ్లం. అతని భార్య రమణమ్మకు పాడిగేదెలు ఉండేవి. మాల్ట్‌ను పిండి చేసి వేడినీళ్లలో కలిపి, తీపి రసం వడకట్టాక మిగిలేదాన్ని పిప్పి అంటాం. అది గేదెలకు మంచి దాణా. మా యజమాని సుబ్బరాయుడు గారు ఆ పిప్పిని అమ్మకుండా, పనివాళ్ల ఇళ్లకు బకెట్లతో పట్టుకుపోనిచ్చేవారు. గేటు దగ్గర పొద్దున్నే రమణమ్మ బకెట్టే ముందుండేది.

సుబ్బరాయుడు గారికి వయసు మీదపడింది, వ్యాపారం చూసుకునే ఓపిక పోయింది. అమ్ముకోవడం ఆయన హక్కు. దాన్ని నేను తప్పుపట్టను. నా కోపమంతా కొన్నవాళ్లమీద, వాళ్లు ఆడిన మాటల మీద. చేతులు మారిన వారంలోనే ఆ కంపెనీ తరఫున ఇంటిగ్రేషన్ హెడ్ అనే హోదాలో ఒకాయన వచ్చాడు. కొన్న సంస్థను తమ సంస్థలో కలిపేసే పని ఆయనది. మమ్మల్నందరినీ మాల్టు నేలమీద నిలబెట్టి, ఈ బీరు మీద ప్రేమతోనే తాము దీన్ని కొన్నామని, ఏమీ మార్చబోమని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఈ వృత్తిలో లేనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. బీరు ఎవరైనా చేయగలరు, లైసెన్సు మాత్రం ఎవరికి పడితే వారికి రాదు. ఏడాదికి ఎంత తయారుచేయవచ్చో కూడా లైసెన్సులోనే ఉంటుంది. కొత్తది తెచ్చుకోవడం కంటే ఉన్నదాన్ని కొనడం తేలిక. పెద్ద కంపెనీలు చిన్న బ్రూవరీలను ఎగబడి కొనడానికి సగం కారణం ఇదే. మా ట్యాంకుల్లో వాళ్ల స్ట్రాంగ్ బీరు నింపుకోవాలి. మా జొన్న బీరు పేరు బాగుంది కాబట్టి దాన్ని వదులుకోకూడదు, కానీ దాన్ని దూరాన ఉన్న తమ పెద్ద ప్లాంటులో బియ్యపు నూకతో చవగ్గా తీయాలి. ప్రేమ అంటే ఇదన్నమాట.

ఇది మాకు అర్థమయ్యేలోపు ప్రకటన షూటింగు వచ్చింది. మద్యానికి ప్రకటన ఇవ్వకూడదు. అందుకని అదే పేరుతో సోడా నీళ్లు అమ్ముతున్నట్టు ప్రకటన తీస్తారు. ఉదయగిరి కొండ అడుగున ఒక రోజు, మా మాల్టు నేలమీద ఒక రోజు తీశారు. పెంచలయ్యకు తలపాగా చుట్టారు. అతను జన్మలో తలపాగా కట్టినవాడు కాదు. చేతికి చెక్క పార ఇచ్చి జొన్న తిరగేయమన్నారు. తడిపిన జొన్న కెమెరాలో నల్లగా కనిపిస్తుందని ఎండు జొన్నే పోశారు.

“సార్, తడిలేని జొన్నల్ని తిప్పేదానికి మనిషెందుకు? ఆడ పోస్తే పోసినట్టే ఉంటాయి గదా,” అని పెంచలయ్య నన్ను అడిగాడు. సోడా నీళ్లలోకి జొన్న ఎందుకని అడిగిన నాథుడే అక్కడ లేడు.

తర్వాత నెలలో అసలు సంగతి బయటపడింది. జొన్న బీరును తమ ప్లాంటులో ప్రయోగాత్మకంగా చేశామని, రెండింటికీ తేడా ఉందో లేదో పరీక్షిస్తామని, తేడా లేకపోతే తయారీ అక్కడికి మారుతుందని ఇంటిగ్రేషన్ హెడ్ మెయిలు పంపాడు. తేడా ఉందని తేలితే ఇక్కడే ఉంటుంది. అంటే పెంచలయ్య నేల ఉంటుందో పోతుందో ఆ గ్లాసుల్లోనే తేలాలి.

ఆ పరీక్షను ట్రయాంగిల్ టెస్టు అంటారు. ఒక్కొక్కరి ముందు మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. రంగు తెలియకుండా ఎర్ర లైటు వేస్తారు. పద్ధతిగా చేస్తే ఇంతకంటే న్యాయమైన పరీక్ష లేదు. నేనే ఎంతోమంది ట్రైనీలకు ఇది నేర్పాను. రుచి చూసేవాళ్లలో ఎక్కువమంది కంపెనీ ఆఫీసువాళ్లు. మా వైపు నుంచి ఇద్దరికి చోటిచ్చారు. నేను నా పేరు, పెంచలయ్య పేరు ఇచ్చాను.

నెల్లూరులో ఒక హోటల్ హాల్లో పరీక్ష. గ్లాసులు వచ్చాయి. ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. సీసాలను ఐసులో పూడ్చిపెట్టి తెచ్చారు. అంత చల్లటి బీరు నోట్లో పడితే నాలుక మొద్దుబారిపోతుంది. జొన్న వాసన, బార్లీ తీపి, హాప్స్ అనే పూల చేదు ఏదీ పైకి రాదు. కుళాయి నీళ్లు కలిపినా తెలియదు. బ్రూవరీలో మేమెవరమూ బీరును అలా రుచి చూడం. ట్యాంకులోంచి పట్టిన బీరును రెండు అరచేతుల మధ్య కాసేపు పెట్టుకుని, చల్లదనం విరిగాక వాసన చూసి, అప్పుడు నోట్లో పోసుకుంటాం. నేను చేరిన మొదటి రోజు నేర్పింది అదే.

ఇంత చల్లగా ఎందుకు పెట్టారని లేచి అడిగాను. తాగేవాళ్లు చల్లగానే తాగుతారు కాబట్టి పరీక్ష కూడా అలాగే ఉండాలని ఇంటిగ్రేషన్ హెడ్ జవాబు. మే నెలలో మా ఆత్మకూరులో సీసా మూత తీశాక మొదటి గ్లాసే చల్లగా ఉంటుందని, రెండో గ్లాసుకల్లా అసలు రుచి బయటపడుతుందని చెప్పాను. ఆయన నవ్వి, ఇక కానివ్వమన్నాడు.

పక్కకు చూస్తే పెంచలయ్య అప్పటికే మొదటి గ్లాసును రెండు చేతులతో పొదివిపట్టుకుని కూర్చున్నాడు. నేనూ అదే చేశాను. గదిలో మిగతావాళ్లు తాగేసి, కాగితం మీద టిక్కు పెట్టి, సమోసాల వైపు వెళ్లిపోయారు. మా ఇద్దరికే ఆలస్యమైంది. రెండో గ్లాసు దగ్గర పెంచలయ్య మొహం చిట్లించాడు. “ఇది మనది కాదు సార్. దీంట్లో జొన్నే లేదు,” అన్నాడు. మాట్లాడకూడదని గ్లాసులు అందిస్తున్న అమ్మాయి హెచ్చరించింది. నాకూ వేరే గ్లాసు ఏదో తెలిసింది. ఇద్దరం సరిగ్గానే గుర్తించాం. తర్వాత ఆ మాట వాళ్లే ఒప్పుకున్నారు.

ఒప్పుకుని మా రెండు జవాబులనూ కొట్టేశారు. గ్లాసులను చేతులతో వేడిచేయడం వల్ల పరీక్షా పరిస్థితులు చెడిపోయాయని నివేదికలో రాశారు. మా పేర్లకు ఎదురుగా చెల్లదు అని ఉంది. మిగతావాళ్ల జవాబులన్నీ గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉన్నాయి. వాటిని కూడి, రెండు బీర్లకూ చెప్పుకోదగిన తేడా లేదని తేల్చారు. నలభై ఏళ్లకు దగ్గరపడ్డ నా వృత్తిలో ఇంత నిస్సిగ్గు నేను చూడలేదు. రుచి తెలిసినవాళ్లు రుచి చూసే పద్ధతిలో చూశారు కాబట్టి వాళ్ల మాట చెల్లదట!

నేను నిరసన తెలుపుతూ పై అధికారులకు రాశాను. నా అనుభవాన్ని ఎంతో గౌరవిస్తున్నామని జవాబు వచ్చింది. అంతే. ఆ పంట కార్తులోనే కొండాపురం రైతులకు జొన్న వేయవద్దని కబురు వెళ్లింది. మాల్టు నేలను ఖాళీ సీసాల గోడౌను చేశారు. పెంచలయ్యతో పాటు అక్కడ పనిచేసేవాళ్లందరినీ తీసేశారు. పిప్పికి టెండరు పిలిచి ఒక దాణా కంపెనీకి ఇచ్చేశారు. మర్నాడు బకెట్టుతో వచ్చిన రమణమ్మను గేటు దగ్గరే ఆపేశారు.

“ఏంది సార్, పారబోసేదానికి కూడా టెండరా? మా గేదెలు దీనికే అలవాటుపడి ఉండాయే,” అని ఆమె నన్ను నిలేసింది. సుబ్బరాయుడు గారికి ఫోన్ చేశాను. ఏమీ మార్చబోమని మాటిచ్చారు కదయ్యా అని ఆయన కూడా నన్నే అడిగారు. కాగితం మీద రాయించుకున్నారా అంటే ఫోన్ పెట్టేశారు.

సీసా మీద లేబులు మారలేదు. జొన్న కంకి బొమ్మ అలాగే ఉంది, ఆత్మకూరు జొన్న బీరు అని పెద్ద అక్షరాల్లో అలాగే ఉంది. వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో తయారైన చోటు మాత్రం వేరే. రిటైరయ్యాక ఒక సీసా కొని, వరండాలో చల్లదనం పోయేదాకా ఉంచి, ఒక గుక్క తాగి, మిగతాది తులసికోట పక్కన గన్నేరు మొక్కకు పోశాను. అది బీరే. చెడ్డ బీరని కూడా అనను. ఏ ఊరి పేరు పెట్టినా సరిపోయే బీరు.

మొన్న వేసవిలో ఉదయగిరి నుంచి ఏదో పనిమీద వెళ్లి ఆత్మకూరు బస్టాండులో దిగాను. ఎదురుగా పెద్ద హోర్డింగు. దానిమీద తలపాగా చుట్టుకుని, చెక్క పార పట్టుకుని జొన్న తిరగేస్తున్న పెంచలయ్య. పక్కనే సోడా సీసా. ఆ హోర్డింగు కిందే పెంచలయ్య నిలబడి ఉన్నాడు. సంగం దగ్గర బియ్యం మిల్లులో బస్తాలు మోసే పనికి వెళుతున్నాడు, బస్సు కోసం చూస్తున్నాడు. గేదెలను అమ్మేశామన్నాడు. బొమ్మకు ఏమైనా ఇచ్చారా అని అడిగితే, షూటింగు రోజు బిర్యానీ పెట్టారని చెప్పాడు.

“బొమ్మ నాదే సార్. నీడ మాత్రం బాగా ఇస్తా ఉండాది,” అన్నాడు. ఇంతలో సంగం బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

నేను నేర్చుకున్నది ఇంతే. పెద్ద కంపెనీ ఒక చిన్న బ్రూవరీని కొని, పరీక్ష పెట్టి, పాతదానికీ కొత్తదానికీ తేడా లేదని ప్రకటిస్తే, ఎంతమంది తాగారని అడగనక్కర్లేదు. గ్లాసులు ఎంత చల్లగా ఇచ్చారో అడగాలి.