ఫోన్లు విడిచే గుమ్మం

మా బావ ఇంటికి ఎవరు వెళ్ళినా గుమ్మంలో రెండు విడవాలి. ఒకటి చెప్పులు, రెండోది ఫోను. చెప్పులు మరిచిపోయి లోపలికి నడిచినా ఆయన చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. ఫోను జేబులో పెట్టుకుని వెళితే మాత్రం గడప దాటనివ్వడు. వచ్చినవాళ్ళ ఫోన్లో ఉన్న ఫోటోలూ వీడియోలూ అన్నీ తన ఇంట్లో ఉన్న ఒక డబ్బాలోకి కాపీ అయ్యేదాకా ఆయనకి శాంతి ఉండదు, వచ్చినవాళ్ళకి విముక్తి ఉండదు. అందుకే మా చుట్టాల్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు మిగల్లేదు. డబ్బా బావ, డబ్బా మామయ్య, డబ్బా బాబాయి. వరస మారుతుంది గానీ డబ్బా మారదు.

ఆ డబ్బా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. కొత్త చెప్పులు పెట్టి ఇచ్చే అట్టపెట్టె అంత ఉంటుంది. నల్లగా, ముందువైపు నీలం దీపాలతో, గుమ్మం పక్కన చిన్న బల్ల మీద కూర్చుని పొద్దస్తమానం జోరీగలా రొద చేస్తుంది. లోపల రెండు డిస్కులుంటాయి. ఒకదాంట్లో ఏముంటే రెండోదాంట్లోనూ అదే ఉంటుంది. ఇంట్లో వైఫై తగలగానే ఫోన్లో సరుకంతా గాలిలోంచి అందులోకి పరుగెత్తుకెళ్ళాలి. అందరిళ్ళలోనూ అలాగే పరుగెడుతుందట. మా బావ ఇంట్లో మాత్రం అది పాకుతుంది. పాకి పాకి మధ్యలో ఆయాసం తీర్చుకుంటుంది.

దాని పక్కన గూళ్ళు గూళ్ళుగా ఉన్న చెక్క పళ్ళెం ఒకటి. బావ స్వయంగా చేసుకున్నాడు. వచ్చినవాళ్ళ ఫోన్లు వరసగా అందులో నిలబెడతాడు. తెర ఆరిపోతే కాపీ ఆగిపోతుందని ముందు స్టూలు వేసుకుని కూర్చుని, కుండీల్లో మొక్కలకి నీళ్ళు చిలకరించినట్టు, ఒక్కో ఫోను తెరనీ వేలితో తట్టుకుంటూ పోతాడు.

బావ ఉద్యోగం చేసినంత కాలం లిఫ్టులు బాగుచేశాడు. ఆయన తత్వమంతా అక్కడే పుట్టింది. ఎవరైనా విసుక్కుంటే ఆయన దగ్గర ఒకటే ప్రశ్న.

"ఒక్క తాడు మీద వేలాడే లిఫ్టు ఎక్కుతావా?"

ఎక్కనని ఒప్పుకోక తప్పదు. ఒప్పుకున్నాక ఫోను ఇవ్వక తప్పదు. తాళంచెవికి నకలు, కళ్ళజోడుకి నకలు, గొడుక్కి గొడుగు. చివరికి తను వేసుకునే ఉబ్బసం మందు కూడా రెండు జేబుల్లో రెండు. అక్కని ఒక్కదాన్నే ఎలా చేసుకున్నాడా అని మేం చాలాసార్లు అనుకునేవాళ్ళం.

ఒకసారి వంటింట్లో పంపు కారుతోందని ఒకాయన్ని పిలిచారు. ఆయన పానా సంచిలోంచి తీసేలోపే ఫోను పళ్ళెంలోకి చేరిపోయింది. పంపు బాగయింది. చేతులు కడుక్కున్నాడు. ఫోను రాలేదు. మంచినీళ్ళు తాగాడు. రాలేదు. అక్క పక్కన కూర్చుని తన పిల్లల చదువులూ తన నడుం నొప్పీ అన్నీ చెప్పుకున్నాడు. ఎండ గోడ మీంచి దిగిపోయాక గాని విడుదల కాలేదు. ఇప్పటికీ మా బావ డబ్బాలో ఆయన తీసుకున్న తూముల ఫోటోలూ తుప్పు పట్టిన గొట్టాల ఫోటోలూ కుప్పలుగా ఉన్నాయి. బావ వాటిని మనుషులకి చూపించి, ఈ మూల ఎంత బాగా అతికాడో చూడమంటాడు.

నా సంగతి ఇంకా అన్యాయం. నేను పుస్తకంలో తలదూర్చి బతికిన వాణ్ణి. నా ఫోన్లో ఫోటోలు అనదగ్గవి లేవు. పేజీ తీయబోయి పొరపాటున తీసిన నా బొటనవేలు మాత్రం రకరకాల వెలుతుర్లలో ఉంది. బావ అవన్నీ ఓపిగ్గా చూసి పెదవి విరిచాడు.

"నీ బొటనవేలు తప్ప ఇందులో ఏమీ లేదోయ్."

"అందుకే వదిలేయండి బావా."

"ఎందుకు వదలాలి? రేపు ఇదీ పోతే?"

 నా బొటనవేలు రెండు డిస్కుల్లోనూ భద్రంగా ఉంది. నేను పోయాక కూడా ఉంటుంది. ఈ వయసులో తలుచుకుని నీరుగారిపోవడానికి ఇలాంటివి చాలానే ఉన్నాయి.

ఇదంతా నవ్వుకుని వదిలేసే విషయమే, అక్క సంగతి లేకపోతే.

మా అక్క మాటల మనిషి. మేనత్త తుమ్మడం దగ్గర్నుంచి పై వాటా ఆయన మెట్లెక్కడం దాకా అన్నీ అచ్చం అలాగే గొంతులో దించేసేది. ఆ అక్కకి పక్షవాతం వచ్చింది. చేయీ కాలూ మెల్లగా దారికొచ్చాయి. బుర్ర చెక్కుచెదరలేదు. మాట ఒక్కటే పూర్తిగా తిరిగి రాలేదు. ఏం చెప్పాలో తెలుసు, చెప్పే మాట మాత్రం వెతికి పట్టుకోవాలి. పట్టుకుని నోటిదాకా తెచ్చేసరికి ఎదుటివాళ్ళ చూపు ఎక్కడికో వెళ్ళిపోయి ఉండేది. రోజూ మాట్లాడుతూ ఉంటే కొంతైనా వస్తుంది, మనుషుల్లో ఉంచండి అని డాక్టరు చెప్పింది. అక్కకి ఉన్న వైద్యమల్లా ఇంటికొచ్చే మనుషులే. ఆదివారాలు చుట్టాలు వచ్చి కూర్చుంటేనే ఆమె మొహంలో కళ కనబడేది.

అలాంటి ఇంటికి మనుషులు రావడానికి జంకేలా చేస్తున్నాడు మా బావ. అక్కకి జబ్బు చేసిన ఏడాదే ఆ డబ్బాకీ ముసలితనం వచ్చినట్టుంది, అంతకుముందు బాగానే నడిచేది. దాన్ని పారేసి కొత్తది కొనమంటే వినడు. బావ తమ్ముడు ఆదివారాలు నడుం నొప్పి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఎదురింటి టీచరమ్మ ఫోను ఇంట్లో పెట్టి వస్తే, వెళ్ళి తెచ్చుకోమని వెనక్కి పంపాడు. ఇన్సూరెన్సు చేయించే మా పిన్ని కొడుకు ఇంకా తెలివైనవాడు. ఎప్పుడో చచ్చిపోయిన పాత ఫోను ఒకటి తెచ్చి పళ్ళెంలో పెట్టి, అసలుది తువ్వాల్లో చుట్టి సంచి అడుగున దాచాడు. కూర్చున్న కాసేపటికి సంచి మోగింది. బావ కోప్పడలేదు. సంచిలో ఇంకోడున్నట్టున్నాడు, వాణ్ణీ పిలువు, అన్నాడంతే. ఆ రోజు ఆ తమ్ముడు అందరికంటే ఆఖర్న ఇల్లు చేరాడు.

ఇలా ఒక్కొక్కరే మానేస్తే అక్క ఎవరితో మాట్లాడుతుంది? రోజంతా ఆ జోరీగ రొద వింటూ కూర్చుంటుందా? ఈ దిగులు నన్ను పట్టుకుంది. బావకి చెప్పి లాభం లేదు. చెబితే తాడు సంగతి ఎత్తుతాడు. వెనకనుంచి నరుక్కురావాలనుకున్నాను.

మా పెద్దన్నయ్య కూతురు ఆఫీసుల్లో నెట్‌వర్కులు వేసే పని చేస్తుంది. బావ అక్కని వ్యాయామం చేయించడానికి ఆస్పత్రికి తీసుకెళ్ళిన పొద్దుట ఆమెని పిలుచుకొచ్చి తలుపు తీశాను. తాళంచెవి నా దగ్గరా ఉంది. నకళ్ళు తీయించే బావ ఉన్నందుకు ఆ ఒక్కరోజే లాభం కలిగింది.

ఆమె డబ్బా ముందు కూర్చుని తన కంప్యూటర్లో ఏవేవో తెరిచి చూసింది. డబ్బాకి ఏ రోగమూ లేదంది. డిస్కులు నిక్షేపంగా ఉన్నాయట. పైగా, వచ్చేవాళ్ళు ఎప్పుడూ వచ్చేవాళ్ళే కాబట్టి పాత ఫోటోలు ఎప్పుడో చేరిపోయాయి, కొత్తగా తీసుకున్న నాలుగే వెళ్ళాలి, మంచినీళ్ళు తాగేలోపు అయిపోవాలి అంది.

"మరి ఎందుకిలా?"

"మామయ్య వేగానికి పగ్గం వేసి పెట్టారు బాబాయ్. పొరపాటున ఏదో నొక్కినట్టున్నారు."

ముసలాళ్ళ చేతుల్లో మీటలు పెడితే ఇంతే అనుకున్నాం ఇద్దరం. ఆమె పగ్గం తీసేసింది. నాకు ఒంట్లోంచి బరువు దిగినట్టయింది. అక్కకి ఏదో ఉపకారం చేశాననుకుని ఇంటికెళ్ళి, చాన్నాళ్ళకి ప్రశాంతంగా పుస్తకం తెరిచాను.

ఆదివారం వచ్చింది. అందరం చేరాం. ఫోన్లన్నీ పళ్ళెంలో నిలబడ్డాయి. అక్క ఆ రోజు మంచి ఉషారుగా ఉంది. పెళ్ళయిన కొత్తలో బావ తను బాగుచేసిన లిఫ్టు చూపిస్తానని తీసుకెళ్ళి, ఇద్దరూ రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన కథ మొదలుపెట్టింది. చెయ్యి పైకెత్తి, ఆగి, వెతుక్కుని, "లిఫ్టు... మధ్యలో..." అంది.

పళ్ళెంలో ఒక ఫోను టింగుమంది. ఆ వెంటనే ఇంకోటి. వరసగా అన్నీ.

బావ తమ్ముడు నమ్మలేనట్టు లేచి వెళ్ళి తన ఫోను తెచ్చుకున్నాడు. ఆయన వెనక టీచరమ్మ. ఆమె వెనక మా ఇన్సూరెన్సు తమ్ముడు. ఎవరి మనసులోనూ చెడ్డ ఉద్దేశం లేదు. అక్క చెబుతోందని తెలుసు, చెబుతూ ఉండు వింటున్నాం అన్నట్టు తలలు కూడా ఊపారు. తలలు ఊగుతున్నాయి, కళ్ళు మాత్రం అరచేతుల్లోకి దిగిపోయాయి. అక్క ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉంది. తర్వాత మెల్లగా ఒళ్ళోకి దించుకుని, ఏం లేదులే అన్నట్టు నవ్వి ఊరుకుంది. గదిలో డబ్బా రొద తప్ప చప్పుడు లేదు. ఎవరూ చూడలేదు గనక ఆ నవ్వు నేనొక్కణ్ణే చూశాను. నేనైనా పుస్తకం అంచు మీంచే చూశాను.

బావ స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు. తట్టడానికి ఆయన ముందు ఫోన్లు లేవు. డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు, లేచి వసారాలోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఉరిశిక్ష పడ్డవాడు కూడా అంతకంటే చురుగ్గా నడుస్తాడు.

"దాన్ని ముట్టుకుంది ఎవరోయ్?"

చెప్పాను. పొరపాటున పగ్గం పడిందని సరిచేయించానన్నాను. 

"తాళ్ళ గురించి అందరికీ చెప్పాను. బ్రేకు గురించే ఎవరికీ చెప్పలేదు. అక్కడికొచ్చి పడింది," అన్నాడు బావ.

తర్వాత మెల్లగా చెప్పాడు. అక్కకి జబ్బు చేసిన కొత్తలో వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళేనట. కానీ ఆమె ఒక మాట వెతుక్కునేలోపు చెయ్యి దానంతటదే జేబులోకి పోయేదట. నా భార్య మాట్లాడుతోంది, వినండి అని ఎంతమందికి చెప్పగలడు? చెబితే వింటారు. జాలిపడి వింటారు. అది మీ అక్కకి విషం, అన్నాడు. అందుకని ఫోన్లు తీసుకున్నాడు. తీసుకోవడానికి తాళ్ళ కథ ఎలాగూ ఉంది. ఊరికే తీసుకుంటే ఇచ్చేయాల్సి వస్తుంది గనక, డబ్బాని ఆమె మాటంత నిదానం చేశాడు. చేతులు ఖాళీగా ఉంటే మనిషి ఏం చేస్తాడు? ఎదురుగా ఉన్న మనిషి మాట పూర్తయ్యేదాకా కూర్చుంటాడు.

"మరి వాళ్ళు రావడం మానేస్తే?" అన్నాను.

"తిట్టుకుంటున్నారు, తప్పించుకోవాలని చూస్తున్నారు, మళ్ళీ వస్తున్నారు. ఎవడైనా మానేశాడా చెప్పు."

ఆలోచిస్తే ఎవరూ మానలేదు. బావ తమ్ముడు నడుం పట్టుకుని మరీ వచ్చాడు. పంపు బాగుచేసే ఆయన పంపు కారకపోయినా ఆ దారిన పోతూ తొంగిచూసి వెళుతున్నాడట.

"అందరి దగ్గరా తీసుకోగలిగాను గానీ, నీ చేతిలోదే తీసుకోలేకపోయాను. దాన్ని డబ్బాలోకి ఎక్కించే దారి కనబడలేదు," అని బావ నా చంకలోని పుస్తకం వైపు చూశాడు.

నేను దాన్ని ఆయన చేతిలో పెట్టాను. తీసుకున్నాడు. వారంలోపు తిరిగిస్తానన్నాడు గానీ, ఎక్కడిదాకా చదివానో గుర్తు మాత్రం తీసేశాడు.

మర్నాడే అన్నయ్య కూతురికి ఫోన్ చేసి పగ్గం మళ్ళీ బిగించమన్నాను. ఎందుకో చెప్పాను.  ఆమె అంతా విని, ఇంకాస్త బిగించనా బాబాయ్, అని మాత్రం అడిగింది.

ఆ పై ఆదివారం కథ పూర్తయింది. లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. బయట భవనమంతా పోగై, మెకానిక్‌ని పిలవండి మెకానిక్‌ని పిలవండి అని గోల. లోపల కొత్త పెళ్ళికొడుకు తలుపుకి నోరు ఆనించి ఏదో అన్నాడు. ఏమన్నాడో చెప్పడానికి అక్క చాలాసేపు వెతుక్కుంది. అందరం ముందుకి వంగి కూర్చున్నాం.

"మెకానిక్... లోపలే... ఉన్నాడు," అంది, అచ్చం బావ గొంతుతో.

బావ తమ్ముడు నవ్వి నవ్వి నడుం నిజంగానే పట్టేయించుకున్నాడు. బావ మాత్రం స్టూలు మీంచి లేచి, కప్పులు తెస్తానంటూ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటిదాకా రాలేదు.

పళ్ళెం దగ్గర ఎవరూ లేకపోవడం కనిపెట్టి మా ఇన్సూరెన్సు తమ్ముడు సగం లేచి, అన్నయ్యా నాదైపోయిందేమో కాస్త చూడు, అన్నాడు. చూశాను. అయిపోయే దశలోనే ఉంది. అబద్ధాలు పుస్తకాల్లో చదవడమే గాని ఆడిన అలవాటు లేక, నోరు తెరిచి అలాగే ఉండిపోయాను.

అక్క నా అవస్థ చూసింది. చెయ్యి ఎత్తి వాణ్ణి కూర్చోమంది.

"ఇంకా... చాలా... ఉందిరా."

తమ్ముడు ఉసూరుమంటూ కూర్చున్నాడు. ఆమె ఆ మూడు మాటలూ చెప్పి ముగించేసరికి వాడి ఫోన్లో కాపీ కాస్తా అయిపోయింది. నేను దాన్ని తీసి, టింగుమనకముందే గొంతు నొక్కి, తెర గోడవైపుకి తిప్పి పెట్టాను.