పట్టుకో బాబాయ్ బ్రేకులు

పట్టుకో బాబాయ్ హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి మంచం మీద ఉండగా, ఆయన సొంత తమ్ముడు ఆయన లారీ రేడియేటరు ఊడదీసి తుక్కువాడికి అమ్మేశాడు.

బాబాయ్ పొట్ట మీద చెయ్యి అదుముకుంటూ ఇంటికొచ్చిన రోజు మా వీధి మొత్తం ఆయన గేటు దగ్గర చేరింది. మా వీధిలో ఇతరుల కష్టం చూడడానికి టిక్కెట్టు అక్కర్లేదు, నిలబడే ఓపికుంటే చాలు. తమ్ముడు గోడకి ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు. బాబాయ్ లారీ బానెట్టు ఎత్తాడు. రేడియేటరు ఉండాల్సిన చోట ఖాళీలోంచి వీధిలో జనం కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆయన చాలాసేపు ఆ కాళ్ళు చూశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఒరేయ్, ఇలా రా. ఇది కాస్త పట్టుకో" అన్నాడు.

తమ్ముడు వచ్చి బానెట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, పట్టుకుని, భోజనాల వేళ దాకా పట్టుకునే ఉన్నాడు. బాబాయ్ లోపల తల పెట్టి ఏదో తుడుస్తూ, ఏదో బిగిస్తూ, మధ్యమధ్యలో "కొంచెం పైకి... చెయ్యి మార్చుకో, నొప్పెడుతుంది" అంటున్నాడు. ఒక్క తిట్టు లేదు. చివరికి తమ్ముడే నోరు తెరిచాడు. "అన్నయ్యా, తప్పయిపోయింది" అన్నాడు. "సరేలే, దించు" అన్నాడు బాబాయ్. ఇద్దరూ భోజనానికి లోపలికి వెళ్ళారు. కొట్లాట చూద్దామని వచ్చినవాళ్ళు, సినిమా మధ్యలో కరెంటు పోయినట్టు మొహాలు పెట్టుకుని ఇళ్ళకి పోయారు.

ఆయనకి ఉన్న గుణమల్లా ఇదే. ఎదురుగా మనిషి కనిపిస్తే ఆ మనిషి చేతిలో ఏదో ఒకటి పెట్టి "ఇది పట్టుకో" అనాలి. అసలు పేరు రేషను కార్డులో ఉండి ఉంటుంది. వీధికి మాత్రం ఆయన పట్టుకో బాబాయ్. ఆయనకీ మాకూ రక్తసంబంధం లేదు, గోడసంబంధం. మా వరండా ఇవతల, ఆయన లారీ అవతల, మధ్యలో నడుమెత్తు గోడ.

ఆ లారీ సైన్యం వాడి వాడి, ఇక చాలనుకుని వేలంలో వదిలేసింది. ఆకుపచ్చ రంగు, ఆరు చక్రాలు, ఏనుగు నుదురంత బానెట్టు. దానికి తాళంచెవి ఉండదు. మీట తిప్పి బొత్తాం నొక్కితే ఎవరికైనా స్టార్టవుతుంది. యుద్ధంలో తాళంచెవి ఎవడి జేబులో ఉందో వెతుక్కునే తీరిక ఉండదట. ఎడమ పక్క చక్రాల నట్లు అందరూ తిప్పే వైపు కాకుండా రెండో వైపు తిప్పితేనే ఊడతాయి. ఇది తెలియక రెండు వీధుల మెకానిక్కులు పానాలు విరగ్గొట్టుకున్నారు. బాబాయ్‌కి సైన్యంతో ఏ సంబంధమూ లేదు. నీళ్ళ పంపుహౌసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన సైనికుల్ని దగ్గరగా చూసింది ఆ వేలం రోజునే.

లారీ నడవదని కాదు. నడుస్తుంది. పెట్రోలు బంకుకి వెళ్ళి ట్యాంకు నింపుకుని ఇంటికి వచ్చేసరికి, మళ్ళీ బంకుకి వెళ్ళాల్సినంత ఖాళీ అవుతుంది. మిగతా రోజుల్లో అది పిన్నికి దండెం. పైన టార్పాలిన్ కప్పే ఇనుప కమాన్ల మీద పిన్ని చీరలు ఆరేసేది. గాలికి ఆ చీరలు రెపరెపలాడుతుంటే, యుద్ధం మాట దేవుడెరుగు, లారీ పెళ్ళికి బయలుదేరినట్టు ఉండేది.

చప్పుడు ఎక్కువైందని మందలించడానికి ఒకసారి కానిస్టేబులొచ్చాడు. "ఏమయ్యా, ఊరంతా నీ ఇంజనే వినాలా?" అంటుండగానే ఆయన చేతిలో టార్చిలైటు ఉంది. "ఇంకొంచెం కిందికి వెయ్యండి సార్. అబ్బ, మీ చెయ్యి వణకదే!" అన్నాడు బాబాయ్. జీవితంలో ఆ కానిస్టేబులు చేతిని ఎవరూ మెచ్చుకుని ఉండరు. సాయంత్రం దాకా వణక్కుండా నిలబడ్డాడు.

ఎదురింటి లెక్కల మాస్టారు భార్య పోయాక గడప దాటడం మానేశారు. ఒకరోజు పాలప్యాకెట్టు కోసం గేటు దాకా వచ్చి దొరికిపోయారు. బాబాయ్ ఆయన అరచేతిలో ఒక వాషరు పెట్టాడు. "జాగ్రత్త మాస్టారూ, ఇది పోతే మళ్ళీ దొరకదు." మాస్టారు గుప్పెట మూసుకుని పొద్దుపోయే దాకా లారీ పక్కన స్టూలు మీద కూర్చున్నారు. మర్నాడు తనే వచ్చి, "అది నా దగ్గరే ఉంది. ఇవాళ కావాలా?" అని అడిగారు. "రేపు" అన్నాడు బాబాయ్. ఆ రేపు ఏడాది నడిచింది.

నన్ను వదిలిపెట్టాడనుకోకండి. అప్పట్లో నా పని ఇంటర్వ్యూలకి వెళ్ళి, నా కంటే తక్కువ చదివినవాళ్ళకి ఉద్యోగాలు ఇప్పించి రావడం. కాలేజీ మధ్యలోనే మానేసినా లైబ్రరీలో ఒక బీరువా పూర్తి చేసి రెండోదాంట్లో పడ్డాను. ప్రపంచం మీద నాకు చాలా అభిప్రాయాలుండేవి, ఒక్కటీ మంచిది కాదు. వరండాలో పుస్తకం తెరిస్తే గోడ మీదుగా నూనె చెయ్యి ఒకటి వచ్చి, పుస్తకం తీసి పక్కన పెట్టి, పానా ఇచ్చేది.

"బాబాయ్, మంచి చోట ఉన్నాను."

"ఆ పుస్తకంలో వాళ్ళు ఎక్కడికీ పోర్లే. ఇది పట్టుకో."

నాకు చదువు అంటించిన జబ్బు ఒక్కటే, ఎందుకు అని అడగడం. ఒక పొద్దున్న కిటికీలోంచి చూస్తే బాబాయ్ గొలుసుకప్పీ వేసి గేరుబాక్సు దించుతున్నాడు. ఎద్దంత బరువు. తనొక్కడే! కూనిరాగం తీస్తూ, పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు దించాడు. అలాంటి మనిషికి వాషరు పట్టుకోవడానికి లెక్కల మాస్టారెందుకు? బానెట్టు కింద చూశాను. దాన్ని నిలబెట్టే ఇనుప కడ్డీ శుభ్రంగా, గ్రీజు పూసుకుని దాని చోట అది ఉంది. మరి తమ్ముడెందుకు?

పిన్నిని అడిగాను.

"నాకేం తెలుసురా? పెళ్ళయిన కొత్తలో పుట్టింటి మీద బెంగపెట్టుకుని ఏడుస్తూ కూర్చుంటే, నా చేతికి రేడియో వెనక మూత ఇచ్చి పట్టుకోమన్నారు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు. మూత ఇంకా నా దగ్గరే ఉంది."

మనిషికి మతి కొంచెం వదులని తేల్చుకుని, నేను రెండో బీరువాకి వెళ్ళిపోయాను.

ఆ వానాకాలం మా అక్క పెట్టెతో పుట్టింటికి వచ్చేసింది. బావ ఉన్న ఉద్యోగం మానేసి జిరాక్సు షాపు పెట్టాడు. ఆ సంగతి అక్కకి పక్కింటావిడ చెప్పింది. అంతే. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు, మధ్యలో ఫోను పట్టుకుని నేను. "ఆయనకి చెప్పు." "ఆవిణ్ణి అడుగు." నా నోట్లోంచి రోజంతా వాళ్ళ కాపురం మాటలు, నాకా కాపురమే లేదు.

చివరికి ఒక ఆదివారం బావ వచ్చాడు. అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాడట. వరండాలో కుర్చీ అంచు మీద కూర్చుని, నన్ను చూస్తూ అన్నాడు. "మంచం, బీరువా, కుట్టుమిషను ఆవిడవి. ఎక్కడికి పంపమంటుందో కనుక్కో."

అక్క తలుపు వెనకే ఉంది. "తుక్కువాడికి ఇచ్చెయ్యమను" అంది.

నాన్న పేపరు ఇంకొంచెం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. సామాన్ల దాకా వచ్చిన మాటకి విడాకులు ఎంతో దూరం కాదు. బావ లేవబోయాడు. మెట్టు దిగితే ఇక రాడని అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే గోడ మీద తల లేచింది.

"అల్లుడూ! ఎప్పుడొచ్చావు? బంగారంలా వచ్చావు. బ్రేకులు పోయాయి, ఒక్క క్షణం రా. అమ్మాయ్, నువ్వూ రా. కాలు కావాలి."

"కాలా?" అంది అక్క.

"ఏ కాలైనా పరవాలేదమ్మా."

నాకు ఒళ్ళు మండింది. మనుషులు విడిపోతుంటే లారీ గోలేమిటి! కానీ బావ, పెద్దవాళ్ళు పిలిస్తే కాదనలేని మెతక మనిషి. బావ వెళ్ళాడని తెలిసి అక్క వెనక్కి తగ్గదు. వెనకే నేనూ వెళ్ళాను, తిడదామనే. బాబాయ్ అక్కని డ్రైవరు సీటెక్కించి, బావని లారీ కిందికి పంపి, నా చేతిలో ఖాళీ సీసా పెట్టాడు. "నువ్వు ఇది పట్టుకో."

బ్రేకు గొట్టాల్లో నూనె ఉంటుంది. అందులో గాలి చేరితే పెడల్ మెత్తబడిపోతుంది, బండి ఆగదు. ఆ గాలి తీయాలంటే పైన ఒకరు కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి. కింద ఒకరు పడుకుని చక్రం వెనక చిన్న నట్టు వదులు చెయ్యాలి. గాలి బుడగలు రబ్బరు గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. నట్టు బిగించాకే పైవాళ్ళు కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది, పని మొదటికొస్తుంది. కిందవాడికి పైవాళ్ళు కనిపించరు. చెప్పుకోవాల్సిందే.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, కిందటి వారమే ఆ పెడల్ తొక్కింది నేను. ఒక్క బుడగ లేదు. పెడల్ రాయిలా ఉంది. మరి వారంలో ఇంత గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది?

"తొక్కమనండి" అన్నాడు బావ, లారీ కిందనుంచి.

"నాకు చెవులు సరిగ్గా వినపడవు అల్లుడూ. తనకే చెప్పు" అన్నాడు బాబాయ్. వీధి చివర పోయే మోటారుసైకిల్ చప్పుడు విని దాని గొలుసు వదులైందని చెప్పే మనిషి. పైగా నూనె డబ్బా కోసమంటూ అవతలికి పోయాడు. డబ్బా నా కాళ్ళ దగ్గరే ఉంది.

బావ షర్టు మీద నూనె చుక్క పడింది.

"తొక్కు" అన్నాడు గాలిలోకి.

పైన పెడల్ కిర్రుమంది. బావ నట్టు వదులు చేశాడు. బుడగలు బుసబుసా వచ్చాయి. వెంటనే గొట్టంలో నూనె వెనక్కి పోయింది.

"ముందే వదిలేశావా?"

"వదలొద్దని చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? అన్నీ అయిపోయాకా? షాపు బోర్డు కట్టాక చెప్పినట్టా?"

నేను సీసాలోకి చూస్తూ కూర్చున్నాను. చూడడానికి అంతకంటే క్షేమమైన చోటు లేదు.

"భయమేసింది" అన్నాడు బావ. వెల్లకిలా పడుకున్న మనిషికి అబద్ధం తొందరగా రాదనుకుంటాను.

"ఎందుకు?"

"వద్దంటావని."

"వద్దనేదాన్నే."

"చూశావా మరి!"

"వద్దని రెండ్రోజులు అరిచి, మూడోరోజు సరే అనేదాన్ని. ఆ మూడోరోజు దాకా ఆగావా నువ్వు?"

కింద పానా మళ్ళీ నట్టుకి తగిలింది. తర్వాత చిన్నగా, "తొక్కు" అన్నాడు.

"తొక్కాను."

"పట్టి ఉంచు."

"ఉంచాను. తొందరగా తిప్పు, కాలు లాగుతోంది."

"అయింది. వదులు."

"వదిలాను."

ఆరు చక్రాలు. ఒకదాని తర్వాత ఒకటి. మధ్యలో షాపు అద్దె మాటొచ్చింది, అత్తగారి మాటొచ్చింది. ఒకచోట అక్క ఏడ్చింది, ఒకచోట ఇద్దరూ నన్ను తిట్టారు, మాటలు సరిగ్గా చేరవేయలేదట. ఆఖరి చక్రం దగ్గర సీసాలో ఒక్క బుడగ కూడా రావడం లేదు. నూనె అద్దంలా ఉంది. అయినా పైన తొక్కుతూనే ఉంది, కింద తిప్పుతూనే ఉన్నాడు. చెబుదామని నోరు తెరిచాను. చెట్టు పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్న బాబాయ్, ఆ చెవులు వినపడని బాబాయ్, నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను.

అప్పుడు నా బుర్రకి తట్టింది. బండి బాగుచేయడానికి ఆయన మనుషుల్ని పిలవడం లేదు. మనుషుల కోసం బండి పాడుచేసుకుంటున్నాడు.

ఆ రోజుకి బావ ఒక్కడే వెళ్ళాడు, నాన్న షర్టు వేసుకుని. మంచం, బీరువా మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి అక్క పెట్టె సర్దుకుంది. ఇప్పుడు షాపులో గల్లాపెట్టె దగ్గర తనే కూర్చుంటోంది. షాపు అంతంతమాత్రం, పోట్లాటలు మాత్రం జోరుగానే ఉన్నాయి. ఎదురెదురుగా నిలబడి.

నాకు వేరే ఊళ్ళో గోడౌన్లో పని దొరికింది. బయలుదేరే రోజు చెప్పి వెళదామని గోడ దాటాను. బాబాయ్ లారీ కింద ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికి.

"బాబాయ్, ఒక్కటి అడగనా? ఆ రోజు గొట్టాల్లోకి అంత గాలి ఎలా వచ్చింది?"

"ఎలా వస్తుంది? పొద్దున్నే లేచి ఆరు గొట్టాల్లోకీ నేనే ఎక్కించుకున్నాను. నడుం విరిగిపోయింది." కాళ్ళు కొంచెం కదిలాయి. "కానీ మీ అక్కది కాలు కాదురా బాబూ, సమ్మెట! అంత కోపంగా తొక్కితే లోపలి రబ్బరు చిరగదా? ఆ రోజు నుంచీ కారుతోంది. ఇప్పుడు నిజంగానే బ్రేకుల్లేవు."

"అయ్యో! అక్కనీ బావనీ ఒకసారి రమ్మని చెప్పనా?"

లారీ కిందనుంచి తల బయటికొచ్చింది. నుదుటి మీద నూనె మరక.

"వద్దొద్దు, వాళ్ళిప్పుడు బాగున్నారుగా. బాగున్నవాళ్ళు దీనికి పనికిరారు, కబుర్లలో పడి పెడల్ మధ్యలో వదిలేస్తారు. నువ్వు వెళ్ళే ఊళ్ళో మాట్లాడుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే చూసి పంపు."