ఆవిడ వదిలి వెళ్లిన గ్లాసు

ఒకసారి టాటానగర్ వెయిటింగ్ రూములో ఇరుక్కుపోయాను. రైలు ఎంతకీ రాదు. నా ఒళ్లో ప్లాస్టిక్ సంచిలో రెండు బంగారు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొత్త నీళ్లు పోద్దామని కుళాయి దగ్గరకు లేవబోతే, పక్కనున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుంది.

"ఆ నీరొద్దమ్మా, మందు కలిపుంటాది. వాటికి గాలి సాలట్నేదు."

సంచి మూతి విప్పి, తన స్టీలు గ్లాసుతో ఆ నీళ్లనే ముంచి, పైనుంచి మళ్లీ సంచిలో పోసింది. అలా పోస్తూనే ఉంది. చేపలు కాస్త కిందికి దిగాయి. ఇంతలో ఆవిడ రైలొచ్చింది.

"ఆపీకమ్మా, నీళ్లు పోత్తా ఉండు," అని గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నా రైలు మాత్రం రాలేదు. ముందు ఒక చేప వెల్లకిలా తేలింది, తర్వాత రెండోది. అయినా రైలొచ్చేదాకా పోస్తూనే ఉన్నాను.