కోళ్ళు తరిమివేయబడ్డాయి

ఆ రోజుల్లో మలయాలో పుస్తకం చదవడం కంటే దాని అట్ట దాచుకోవడమే పెద్ద చదువు. కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ నడుస్తోంది, మెర్డెకా (స్వాతంత్ర్యం) ఇంకా రాలేదు. ఎర్ర వాసన తగిలిన కాగితం ఇంట్లో దొరికితే జైలే. అలాంటి కాలంలో, పినాంగు రేవులో గుమస్తాగా ఉన్న మా చిన్నాన్న, ఎవరో ఓడవాడి దగ్గర చవగ్గా వచ్చిందని, రష్యాలో అచ్చయిన ఇంగ్లీషు వ్యాకరణం తెచ్చి నా చేతిలో పెట్టాడు. (ఇంగ్లీషువాడి రాజ్యంలో ఇంగ్లీషు నేర్చుకోవడానికి రష్యావాడి పుస్తకం. నా తెలివి అప్పటినుంచీ అంతే.) అట్ట చింపి, మొదటి పేజీ పొయ్యిలో వేసి, మిగతాదంతా కంఠతా పట్టాను. టీచర్ ట్రైనింగు ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. అందులో నెగ్గకపోతే నాన్నలాగే రబ్బరు తోట ఆఫీసులో గుమస్తాగిరీ తప్పదు, అది నాకు చచ్చినా ఇష్టం లేదు.

తెలుక్ ఆన్సన్‌లో (ఇప్పటి తెలుక్ ఇంటాన్) మా వెనక వసారాలో కూర్చుని కర్మణి ప్రయోగం వల్లించి, పైకే తెలుగులో అర్థం చెప్పుకునేవాణ్ణి. "రైతులచేత భూస్వాములు తరిమివేయబడ్డారు."

చింతపండు పిక్కలు తీస్తున్న నాయనమ్మ తలెత్తింది. "పడ్డారా? దెబ్బలు తగిలినాయేటి?"

"పడలేదు నాయనమ్మా. రైతులు తరిమినారు."

"అలాగనొచ్చు గదరా. మద్దెన ఈ పడ్డమేటి?"

ఇంటర్వ్యూలో మీసాల దొర సరిగ్గా కర్మణి ప్రయోగానికే ఒక వాక్యం చెప్పమన్నాడు. రైతులూ భూస్వాములూ నా నోట్లోంచి వాళ్ళంతట వాళ్ళే బయటికొచ్చేశారు. పక్కన రాసుకుంటున్న గుమస్తా కలం ఆగింది. సీటు సంగతి దేవుడెరుగు, ఇంటికి వెళ్తానా అనిపించింది. దొర గుమస్తాని టీ తెమ్మని పంపించి, మెల్లగా అన్నాడు. "ఈ ప్రయోగంలో సుఖమేమిటంటే అబ్బాయీ, పని చేసినవాడి పేరు చెప్పక్కర్లేదు. ఈ రోజుల్లో చెప్పకపోవడమే మంచిది. మళ్ళీ చెప్పు."

"భూస్వాములు తరిమివేయబడ్డారు."

"భూస్వాముల్ని కూడా మార్చు."

"కోళ్ళు తరిమివేయబడ్డాయి."

"బాగుంది," అని సీటిచ్చాడు.

మెర్డెకా వచ్చింది, నేను టీచర్నయ్యాను, పిల్లలకి ఒక ఇంగ్లీషు వ్యాకరణం కూడా రాశాను. మొన్న కౌలాలంపూర్‌లో మా మనవరాలు నేను రాసిన ఆ పాత పుస్తకం తిరగేసి, వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లోనే అడిగింది. "తాతా, కంచె వేయబడింది, ఊరు ఖాళీ చేయబడింది, కోళ్ళు తరిమివేయబడ్డాయి... ఇవన్నీ ఎవరు సేసినారు? పేరే లేదు లా." (ఆ 'లా' ఇక్కడి పిల్లల ఊతపదం.)

నిజమే, ఎమర్జెన్సీలో ఊళ్ళు ఖాళీ చేయించి కంచెలు కట్టిన దొరలతో సహా, పుస్తకం మొత్తం మీద ఒక్కడి పేరూ లేదు. దొర ఇచ్చిన సలహా ఇన్నేళ్ళూ మోశానని తెలిసి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. పెన్సిలు తీసి, కోళ్ళు కొట్టేసి భూస్వాములు అని రాశాను, పక్కన "రైతులచేత" అని చేర్చాను. చేర్చి, అలవాటుకొద్దీ ఒకసారి గుమ్మంవైపు చూశాను.