మండీ కాటా మీద సన్నబడ్డ వైనం

ఒక ఆస్పత్రినీ, ఒక మండీనీ, మా నాయన రక్తపోటునూ ఒకే రోజులో తలకిందులు చేసిన ఘనత నాది. చదివి నవ్వండి, పర్వాలేదు. కాకపోతే ముందు మీ నడుము ఒకసారి తడుముకుని మరీ నవ్వండి.

పోయిన ఏడాది నాకు మనసు బాగాలేకపోయింది. నిద్ర లేదు, ఊరికే ఏడుపు, ఎవరూ దొరక్కపోతే గోడతో తగాదా. అనంతపురంలో డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. అబ్బ, ఏం మాత్రలండీ! రాత్రి వేసుకుంటే తెల్లారి కోడి కూసినా, మా అమ్మ కూసినా లేచేదాన్ని కాదు. ఏడుపు లేచిపోయింది. ఆ పీట మీద ఆకలి వచ్చి కూర్చుంది. అంతకుముందు మతి లేదుగానీ నడుము ఉండేది. ఇప్పుడు మతి వచ్చింది, నడుము ఎటో వెళ్లిపోయింది.

డాక్టరమ్మ కాటా ఎక్కించింది. డెబ్బై.

"ఈ మాత్రతో ఆకలి పెరుగుతుందమ్మా, నీ తప్పేం లేదు. నీ అంతట నువ్వు మాత్రం మానొద్దు. రోజూ నడువు, తీపి తగ్గించు, వారానికోసారి బరువు చూసుకో. ఇంకా పెరిగితే మాత్ర మారుద్దాం."

మార్చడమా! ఇన్నాళ్లకు దొరికిన నిద్ర. కొత్త మాత్ర పడక మళ్లీ ఆ గోడ దగ్గరికే పోతే?

అందుకని రెండు రోజులు పెన్న ఒడ్డున తెగ నడిచాను. బరువు చూద్దామంటే ఇంట్లో కాటా లేదు. పామిడిలో మా శెనక్కాయలు కొనే ఓబులేసన్న మండీలో బస్తాలు తూచే కాటా ఉంది. పోయి ఎక్కాను. అరవై నాలుగు!

"అన్నా, సరిగ్గా చూడు!"

"నా కాటా అబద్ధం చెప్తాదా పాపా? కావాలంటే ఇంగోసారి ఎక్కు."

ఎక్కాను. అరవై నాలుగే. రెండు రోజుల నడకకు ఆరు కేజీలు! ఈ లెక్కన నెల తిరిగేసరికి గాలికి కొట్టుకుపోతానని భయమేసింది. ముందుజాగ్రత్తగా దారిలో ఉగ్గాని, దాంట్లోకి నాలుగు బజ్జీలు తిన్నాను. రొట్టె విరిగి నేతిలో పడిందంటారే, నేను రొట్టెనూ తిన్నాను, నేతినీ తాగాను.

ప్రతి వారం మండీకి పోయేదాన్ని. అరవై ఐదు. అరవై ఆరు. అయితేనేం, డెబ్బై కంటే తక్కువే కదా! ఇంకో రెండు బెల్లం ఓళిగలు.

"ఏమే, రవిక మళ్లా బిగుతయిందే?" అంది అమ్మ.

"ఉతికినాక గుడ్డ కుదించుకుందిమా."

"గాజులు గూడా కుదించుకున్యాయా?"

నెల తర్వాత నాయనను తోడు తీసుకుని ఆస్పత్రికి పోయాను. పెళ్లికూతురు పీట ఎక్కినంత ఠీవిగా కాటా ఎక్కాను. డెబ్బై నాలుగు.

"మేడం, మీ కాటా చెడిపోయింది."

"లేదమ్మా, బాగానే ఉంది."

"నిన్ననే తూగినా మేడం, అరవై ఎనిమిది!"

"ఎక్కడ?"

"మా నాయన శెనక్కాయలు అమ్మే మండీలో!"

మూలన కునుకు తీస్తున్న నాయన కళ్లు తెరిచాడు. "ఎన్ని కేజీలు తక్కువ చూపిచ్చె?"

"ఆరు, నాయనా."

"నీకే ఆరయితే నా బస్తాలకు ఎన్ని?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "ఇంకో నెల చూస్తాను. ఈసారి మంచి కాటా, నిజమైన నడక. అప్పటికీ పెరిగితే మాత్ర మార్చేస్తా" అంటోంది. నాయన అప్పటికే వాకిట్లో ఉన్నాడు. "ల్యాయ్ పాపా! బస్సుండాది!"

బస్సులో దారి పొడవునా నాయన ఫోన్లే ఫోన్లు. పామిడిలో దిగేసరికి రైతులంతా మండీ ముందున్నారు. నన్ను తూకంరాయిలా కాటా మీద నిలబెట్టారు. అరవై ఎనిమిది.

"ఏమప్పా ఓబులేసూ, ఆస్పత్రిలో డెబ్బై నాలుగు, ఈడ అరవై ఎనిమిదా?"

"బస్సులో చెమట పట్టి తగ్గింటాదిలే అన్నా!"

"ఆరు కేజీల చెమటా? నా బిడ్డేమన్నా బోరుబావా? మా చేన్లో బోరుకే అన్ని నీళ్లు రావు!"

"నాయనా, మెల్లగా..."

"నువ్వు దిగొద్దు!" నాయన బజారు దద్దరిల్లేలా అరిచాడు. "నా బిడ్డ డెబ్బై నాలుగు కేజీలు! ఒక్క గ్రాము తగ్గినా నేనొప్పుకోను!"

తాడిపత్రి బండలు మోసుకుపోయే లారీ ఒకటి ఆగింది. "ఏంది గొడవ?" అన్నాడు డ్రైవరు.

"ఆ పాప డెబ్బై నాలుగంట. ఓబులేసు ఒప్పుకోవడంల్యా."

ఓబులేసన్న చెమట తుడుచుకుంటూ ఏవో మీటలు నొక్కాడు. డెబ్బై. డెబ్బై రెండు. అంకె పెరిగేకొద్దీ ఈలలు. డెబ్బై నాలుగు పడగానే చప్పట్లు! బరువు పెరిగినందుకు చప్పట్లు కొట్టించుకున్న ఆడపిల్ల ఈ భూమ్మీద నేనొక్కతినే.

అంతటితో అయిపోతే ఇంత కథ ఎందుకు? మర్నాటి నుంచి నేను ఒళ్లొంచి నడుస్తున్నాను, ఓళిగల వాసన వస్తే ముక్కు మూసుకుంటున్నాను. ఎదురొచ్చిన రైతులు మాత్రం దారికి అడ్డం పడ్డారు.

"ఏంది పాపా, అంత బిరబిరా పోతాండావు? శెనక్కాయలు అమ్ముకునేదాకా తగ్గొద్దు తల్లీ. మాకు నువ్వే తూకంరాయి!"

తగ్గాను. వాళ్లు తిట్టుకున్నా సరే, రెండు కేజీలు తగ్గాను. డాక్టరమ్మ మాత్ర మార్చలేదు, నా నిద్ర నాకే ఉంది.

కాబట్టి ఆ మాత్ర మీద ఒట్టేసి చెప్తున్నాను: కొనేవాడి కాటా ఈ జన్మలో ఎక్కను. అమ్మేవాడి కాటా అసలే ఎక్కను, అది ఇంకో నాలుగు కేజీలు కలిపి చూపిస్తుంది.