అప్పాయమ్మ చూసివచ్చిన తెల్ల ఎలుక

నర్సీపట్నంలోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో అప్పాయమ్మ 1991లో ఆయాగా చేరింది. కాన్పు కాగానే బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టడం, మాయను బకెట్లో తీసుకెళ్లి పెరట్లో పాతిపెట్టడం ఆమె పని. పదిహేనేళ్లలో ఎన్ని పాతిందో ఆమెకే తెలియదు. వాటిలో పనికొచ్చేది ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

2006లో కోటవురట్ల అమ్మాయి లోవలక్ష్మి ఒక ఐసుపెట్టె పట్టుకుని వచ్చింది. విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. బొడ్డు కోశాక మాయలో, బొడ్డుతాడులో మిగిలిపోయే రక్తం కావాలని, అదీ తల్లులు ఒప్పుకుంటేనే అని డాక్టరమ్మను అడిగింది. రోగాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే లేని ఎలుకలు ఉన్నాయట. ఈ రక్తంలోని కణాలను వాటికి ఎక్కిస్తే, మనిషిని కాపాడే కణాలు ఎలుక ఒంట్లో పెరుగుతాయట. అప్పుడు మనుషుల జబ్బులకు మందులు ముందు వాటిమీద పరీక్షించవచ్చట. అప్పాయమ్మ నమ్మలేదు కానీ, ఎలాగూ పాతిపెట్టేదే కదా అనుకుంది.

మొదట ఒప్పుకున్నది గొలుగొండ నుంచి తొలి కాన్పుకు వచ్చిన దుర్గ. అత్తగారు పోలేరమ్మ అడ్డుపడింది. అప్పాయమ్మే ఆవిడను వరండాలో కూర్చోబెట్టి మాట్లాడింది.

"బిడ్డ ఒంట్లోది సుక్క కూడా తియ్యరమ్మా. బొడ్డు కోసీసాక మిగిలిందే తీస్తారు. రోజూ నేను మట్టిలో పాతీసేదే అది."

దుర్గ సంతకం పెట్టింది. ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడులోని రక్తం నిండిన సంచీని పెట్టెలో సర్దుకుని లోవలక్ష్మి వెంటనే బస్సెక్కింది.

మూడు నెలలు దాటాక లోవలక్ష్మి, ఆ ఎలుకను చూపిస్తానని అప్పాయమ్మను విశాఖపట్నం తీసుకెళ్లింది. గౌను, టోపీ, మాస్కు తొడిగించి ఒక గది అద్దం కిటికీ ముందు నిలబెట్టింది. అవతల పెట్టెలో తెల్ల ఎలుక ఒకటి ముడుచుకుని నిద్రపోతోంది. తర్వాత దాని రక్తానికి, మనిషి కణాలకే అంటుకుని మెరిసే రంగు కలిపి మైక్రోస్కోపులో చూపించింది. చీకట్లో పచ్చటి చుక్కలు మెరుస్తున్నాయి.

"ఆ పచ్చవన్నీ మనిషి కణాలే పిన్నీ. దుర్గ కూతురి రక్తంలోంచి పెరిగినవే."

అప్పాయమ్మ మైక్రోస్కోపు నుంచి కన్ను తీసి, మళ్లీ పెట్టి చూసింది. తర్వాత, "పరీక్షలయ్యాక దీన్నేటి సేస్తారమ్మా?" అని అడిగింది.

లోవలక్ష్మి దాచలేదు. నొప్పి తెలియకుండా చంపక తప్పదని చెప్పింది. అప్పాయమ్మ అద్దం దగ్గరికి తిరిగి వెళ్లి, నిద్రపోతున్న ఎలుకకు చేతులు జోడించింది.

ఆ వారంలోనే దుర్గ అత్తగారితో కలిసి, పాపకు టీకా వేయించడానికి వచ్చింది. అప్పాయమ్మ చూసిందంతా చెప్పింది. దుర్గ తన పాప అరచేతిని తెరిచి, అప్పుడే కొత్తగా కనబడినట్టు చూసుకుంది. పోలేరమ్మ మెల్లగా అడిగింది.

"ఆ ఎలుక ఆడదా, మగదా?"

"ఆడదే" అంది అప్పాయమ్మ.

పోలేరమ్మ మనవరాలి వైపు చూసి తల ఊపింది.

కొన్ని సంచుల్లో రక్తం గడ్డకట్టింది. కొన్ని ఎలుకల్లో కణాలు నిలవలేదు. అయినా లోవలక్ష్మి వస్తూనే ఉంది. తాను పని మానేసే వరకూ, నెలలు నిండిన తల్లులకు ఈ సంగతి చెప్పేది అప్పాయమ్మే. వద్దన్నవారిని ఎప్పుడూ బలవంతపెట్టలేదు.